జాంగో పేజీ ఎందుకు నెమ్మదించింది? క్వెరీలను లోపలి నుంచే పరీక్షించడం ఎలా

పైథాన్ వెబ్ ఫ్రేమ్‌వర్క్ జాంగోలో రాసిన సైటు మొదట్లో బాగానే పరుగెడుతుంది. ఆర్నెల్లు పోయి డేటా పేరుకున్నాక ఏదో ఒక పేజీ, చాలావరకు ఆర్డర్ల లిస్టో అడ్మిన్‌లో (జాంగోతో వచ్చే నిర్వహణ పేజీల్లో) ఒక టేబులో, తెరుచుకోవడానికి నాలుగైదు సెకన్లు తీసుకోవడం మొదలుపెడుతుంది. అప్పుడు టీంలో ఒకరు ఇండెక్స్ (టేబుల్ మొత్తం చదవకుండా వరసల్ని పట్టిచ్చే సూచిక) వేసేద్దామంటారు, ఇంకొకరు రెడిస్ అనే మెమరీ స్టోర్‌లో క్యాష్ పెట్టేద్దామంటారు, మూడో మనిషి సర్వర్ పెంచమంటాడు. వీటిలో ఏదో ఒకటి పనిచేయొచ్చు కూడా, కానీ ఆ పేజీ డేటాబేస్‌ని ఏం అడుగుతోంది, ఎన్నిసార్లు అడుగుతోంది అని చూడకుండా ఏం చేసినా అది ఊహే అవుతుంది. నేను చూసినంతలో జాంగో సైట్లు నెమ్మదించేది ఎక్కువగా ఒక్క చెడ్డ క్వెరీ (డేటాబేస్‌ని అడిగే ప్రశ్న) వల్ల కాదు, మంచి క్వెరీనే మూడొందల సార్లు అడగడం వల్ల. అందుకే కింద చెప్పే వరుస తప్పకండి: ముందు లెక్క, తర్వాత సమయం, ఆ తర్వాతే ప్లాన్ (క్వెరీని నడపడానికి డేటాబేస్ ఎంచుకునే దారి), అన్నీ అయ్యాక ఇండెక్స్.

ఉదాహరణకి ఒక ఆన్‌లైన్ దుకాణం అనుకుందాం. జాంగో, వెనక పోస్ట్‌గ్రెస్ డేటాబేస్. ఆర్డర్, కస్టమర్, ఐటమ్, ప్రొడక్ట్ అని నాలుగు మోడల్స్. ఒక ఆర్డర్‌కి ఒక కస్టమర్, ఒక ఆర్డర్ కింద చాలా ఐటమ్స్, ఒక్కో ఐటమ్‌కి ఒక ప్రొడక్ట్. మీరు మైఎస్‌క్యూఎల్ వాడుతున్నా మొదటి సగం అంతా అలాగే పనికొస్తుంది, ప్లాన్ చదివే భాగం మాత్రం మారుతుంది.

మొదలుపెట్టే ముందు డేటా సంగతి

మీ లాప్‌టాప్‌లో ఎస్‌క్యూలైట్, సర్వర్‌లో పోస్ట్‌గ్రెస్ ఉంటే ముందు అది మార్చండి. క్వెరీని ఎలా నడపాలో నిర్ణయించే ప్లానర్ రెండింటికీ వేరు, ఒకదానిలో చూసింది రెండోదానికి పనికిరాదు. పోస్ట్‌గ్రెస్ ఉన్నా సరే, టేబుల్‌లో యాభై వరసలే ఉంటే ప్లాన్ చూసి లాభం లేదు, ఎందుకంటే అంత చిన్న టేబుల్ ఒకట్రెండు పేజీల్లో (ఇక్కడ పేజీ అంటే డేటాబేస్ ఒక్కసారికి చదివే ముక్క, వెబ్ పేజీ కాదు) సరిపోతుంది కాబట్టి ఎంత చక్కటి ఇండెక్స్ ఉన్నా ప్లానర్ దాన్ని పక్కన పెట్టి టేబుల్ మొత్తం చదివేస్తుంది. అది తప్పు కూడా కాదు, అక్కడ అదే తక్కువ పని.

కాబట్టి సర్వర్‌లో ఉన్నంత డేటా, కనీసం దాని దగ్గర్లో ఉన్నంత డేటా లోకల్‌లో పెట్టుకోండి. అసలు డంప్ తెచ్చుకుంటే ఫోన్ నంబర్లు, అడ్రసులు, ఈమెయిల్స్ ముందే మార్చేయండి, ఇది మొహమాటపడాల్సిన విషయం కాదు. డమ్మీ డేటా తయారుచేసుకుంటే బల్క్_క్రియేట్‌తో గానీ పోస్ట్‌గ్రెస్‌లోని జెనరేట్_సిరీస్‌తో గానీ లక్షల వరసలు నిమిషాల్లో వేసుకోవచ్చు, కాకపోతే పంపకం అసలు డేటాలా ఉండాలి. నిజంగా నూటికి ఒక్క ఆర్డరే పెండింగ్‌లో ఉండే చోట మీరు సగం సగం వేసుకుంటే ప్లానర్ వేరే దారి పట్టుకుంటుంది. వరసలు వేశాక పోస్ట్‌గ్రెస్‌లో ఎనలైజ్ అని ఒక్కసారి నడపండి, లేకపోతే దాని దగ్గర ఉండే గణాంకాలు పాతవే ఉంటాయి.

ఎన్ని క్వెరీలు వెళ్తున్నాయో లెక్కపెట్టండి

అన్నిటికన్నా సులువైన దారి జాంగో డీబగ్ టూల్‌బార్. ఇన్‌స్టాల్ చేసి, సెట్టింగ్స్‌లో డీబగ్ ఆన్‌లో ఉంచి, ఇంటర్నల్_ఐపీస్‌లో 127.0.0.1 పెట్టి పేజీ తెరిస్తే పక్కన ఒక పట్టీ వస్తుంది. అందులో ఎస్‌క్యూఎల్ ప్యానెల్ నొక్కండి. మొత్తం క్వెరీలెన్ని, వాటికి పట్టిన సమయమెంత, ఒకేలాంటివి ఎన్ని, అచ్చంగా అదే క్వెరీ ఎన్నిసార్లు వెళ్లింది, అన్నీ అక్కడే ఉంటాయి. ఒక్కో క్వెరీ పక్కన ప్లస్ గుర్తు నొక్కితే అది మీ కోడ్‌లో ఏ ఫైల్లో ఏ లైన్ నుంచి పుట్టిందో కూడా చూపిస్తుంది, నాకు ఆ టూల్‌బార్ మొత్తంలో బాగా విలువైనది ఇదే. టెంప్లేట్‌లో ఏదో మూల రాసిన చిన్న చుక్క (ఆర్డర్.కస్టమర్ లాంటిది) వెనక క్వెరీ దాక్కుని ఉంటే కోడ్ చదివి దాన్ని పట్టుకోవడం చాలా కష్టం.

టూల్‌బార్ హెచ్‌టీఎమ్ఎల్ పేజీలకి బాగుంటుంది. మీది మొబైల్ యాప్ వెనక ఏపీఐ అయితే, వచ్చేదంతా జేసన్ అయితే, జాంగో సిల్క్ పెట్టుకోండి, అది ప్రతి రిక్వెస్ట్‌నీ రాసిపెట్టి వేరే పేజీలో చూపిస్తుంది. ఏదీ ఇన్‌స్టాల్ చేయడం ఇష్టం లేకపోతే జాంగోలోనే అన్నీ ఉన్నాయి. షెల్ తెరిచి, డీబగ్ ఆన్‌లో ఉండగా మీ కోడ్ నడిపి, కనెక్షన్.క్వెరీస్ అని ప్రింట్ చేస్తే వెళ్లిన ప్రతి ఎస్‌క్యూఎల్ వాక్యం, దానికి పట్టిన సెకన్లు ఒక లిస్టుగా వస్తాయి. మళ్లీ మొదలుపెట్టాలంటే రీసెట్_క్వెరీస్ పిలవండి. ఆ లిస్టు 9000 దగ్గర ఆగుతుంది, ఆ పైన పాతవి రాలిపోతాయి, కాబట్టి పెద్ద స్క్రిప్టులో చివర ఒక్కసారి చూస్తే మొదటి క్వెరీలు కనిపించవు.

ఒక ముక్క కోడ్ వరకే చూడాలంటే టెస్ట్ యుటిల్స్‌లో క్యాప్చర్‌క్వెరీస్‌కాంటెక్స్ట్ ఉంది. విత్ బ్లాక్‌లో పెట్టి కోడ్ నడిపితే ఆ బ్లాక్‌లో వెళ్లినవన్నీ పట్టుకుంటుంది, పైగా డీబగ్ ఆఫ్‌లో ఉన్నా పనిచేస్తుంది. నేను ఎక్కువగా వాడేది ఇదే, ఎందుకంటే బ్రౌజర్ అక్కర్లేదు, షెల్‌లో అదే ఫంక్షన్‌ని పదిసార్లు మార్చి మార్చి చూసుకోవచ్చు.

ఇక్కడ ఒక సంగతి గుర్తుపెట్టుకోండి. ఈ పద్ధతులన్నిట్లో కనిపించే సమయం క్వెరీని డేటాబేస్‌కి పంపి జవాబు తెచ్చుకునే వరకే. వచ్చిన వరసల్ని పైథాన్ మోడల్ ఆబ్జెక్టులుగా మార్చడానికి పట్టే కాలం అందులో ఉండదు. పేజీకి 2 సెకన్లు పట్టి, క్వెరీలన్నీ కలిపి 40 మిల్లీసెకన్లే అయితే డేటాబేస్‌ని వదిలేయండి. ఇరవై వేల ఆబ్జెక్టులు తయారుచేసి అందులో యాభై చూపిస్తున్నారేమో, సీరియలైజర్ బరువెక్కిందేమో, బయటి ఏపీఐ కోసం ఆగుతున్నారేమో చూడండి. అలాంటి చోట ఇండెక్స్ వేసి రోజులు వృథా చేసుకోవద్దు.

లెక్క ఎక్కువైతే: ఎన్ ప్లస్ వన్

ఆర్డర్ల పేజీలో వంద ఆర్డర్లు చూపిస్తున్నారు, ప్రతి ఆర్డర్ పక్కన కస్టమర్ పేరు ఉంది. వ్యూలో ఆర్డర్.ఆబ్జెక్ట్స్.ఆల్ అని తెచ్చి, టెంప్లేట్‌లో ఆర్డర్.కస్టమర్.నేమ్ అని రాస్తే ఆర్డర్లకి ఒక క్వెరీ, కస్టమర్లకి వంద క్వెరీలు, మొత్తం 101. ఈ వంద ప్లస్ ఒకటినే ఎన్ ప్లస్ వన్ అంటారు. ఒక్కోటి అర మిల్లీసెకనులో అయిపోతుంది కాబట్టి లాప్‌టాప్‌లో తేడా తెలియదు. సర్వర్‌లో డేటాబేస్ వేరే మెషీన్‌లో ఉంటుంది, ఒక్కోసారి వెళ్లి రావడానికి 1 మిల్లీసెకను పట్టినా ఆ ప్రయాణాలకే వంద మిల్లీసెకన్లు పోయాయి, ఆ పేజీలో ఐటమ్స్, ప్రొడక్ట్స్ కూడా చూపిస్తే లెక్క వెయ్యి దాటుతుంది.

ఫారిన్ కీ, వన్ టు వన్ అయితే సెలెక్ట్_రిలేటెడ్ పెట్టండి, అది జాయిన్ చేసి ఒకే క్వెరీలో తెస్తుంది. ఒకదాని కింద చాలా ఉండే వాటికి, అంటే ఆర్డర్ కింద ఐటమ్స్ లాంటి వాటికి, ప్రీఫెచ్_రిలేటెడ్. అది రెండో క్వెరీ వేసి అన్ని ఆర్డర్ల ఐటమ్స్‌నీ ఒకేసారి తెచ్చి పైథాన్‌లో ఎవరివి వాళ్లకి సర్దుతుంది. మన పేజీకి కావాల్సింది ఇంతే:

ఆర్డర్.ఆబ్జెక్ట్స్.సెలెక్ట్_రిలేటెడ్('కస్టమర్').ప్రీఫెచ్_రిలేటెడ్('ఐటమ్స్__ప్రొడక్ట్')

వెయ్యి దాటిన లెక్క ఇప్పుడు మూడుకి వస్తుంది: ఆర్డర్లూ కస్టమర్లూ కలిపి ఒకటి, ఐటమ్స్‌కి ఒకటి, ప్రొడక్ట్స్‌కి ఒకటి. ఆర్డర్లు వందైనా ఐదొందలైనా మూడే.

చాలామంది ఇది చేశాక కూడా లెక్క తగ్గలేదని వాపోతారు. దాదాపు ఎప్పుడూ కారణం ఒకటే, ప్రీఫెచ్ చేసిన దాని మీద మళ్లీ ఫిల్టర్ పెట్టడం. లూప్ లోపల ఆర్డర్.ఐటమ్స్.ఫిల్టర్ అనో ఆర్డర్_బై అనో రాస్తే అప్పటికే తెచ్చి పెట్టుకున్నది పక్కకి పోయి కొత్త క్వెరీ వెళ్తుంది. ఫిల్టర్ కావాలంటే ప్రీఫెచ్ ఆబ్జెక్ట్ వాడి అందులోనే క్వెరీసెట్ ఇవ్వండి, టు_యాట్రిబ్యూట్ అనే అర్థంలో టు_ఏటీటీఆర్ అని ఒక ఆప్షన్ ఉంది, దానికి ఒక పేరిస్తే ఫలితం మామూలు లిస్టుగా ఆ పేరు మీద కూర్చుంటుంది.

అడ్మిన్ సంగతి వేరుగా చెప్పాలి. మోడల్‌లో స్ట్రింగ్ రూపం ఇచ్చే మెథడ్‌లో, అంటే డబుల్ అండర్‌స్కోర్ స్ట్ర్‌లో, ఇంకో టేబుల్‌ని ముట్టుకున్నారా అని చూడండి. ఐటమ్‌కి "ఆర్డర్ నంబర్, కస్టమర్ పేరు" అని వచ్చేలా రాసి ఉంటే, ఎక్కడ ఆ ఐటమ్ పేరు ప్రింటైనా క్వెరీలు బయల్దేరతాయి, ఫారిన్ కీ డ్రాప్‌డౌన్‌లో అయితే టేబుల్‌లో ఎన్ని వరసలుంటే అన్నిసార్లు. లిస్టుకి లిస్ట్_సెలెక్ట్_రిలేటెడ్, డ్రాప్‌డౌన్లకి ఆటోకంప్లీట్_ఫీల్డ్స్ లేదా రా_ఐడీ_ఫీల్డ్స్ పెడితే ఆ బాధ తీరుతుంది.

ఒక్క క్వెరీయే నెమ్మదిగా ఉంటే: ఎక్స్‌ప్లెయిన్

లెక్క తగ్గింది, అయినా ఒక క్వెరీ మాత్రం సమయం మింగేస్తోంది. ఇప్పుడు ప్లాన్ చూసే పని. జాంగో 2.1 నుంచి, అంటే 2018 నుంచి, క్వెరీసెట్‌కే ఎక్స్‌ప్లెయిన్ మెథడ్ ఉంది. ఎస్‌క్యూఎల్ కాపీ చేసుకుని ఎక్కడికో వెళ్లనక్కర్లేదు, షెల్‌లో ఇలా రాసి ప్రింట్ చేస్తే చాలు:

ఆర్డర్.ఆబ్జెక్ట్స్.ఫిల్టర్(స్టేటస్='పెండింగ్').ఆర్డర్_బై('-క్రియేటెడ్')[:20].ఎక్స్‌ప్లెయిన్(ఎనలైజ్=ట్రూ, బఫర్స్=ట్రూ)

ఎనలైజ్ పెట్టకపోతే ప్లానర్ అంచనాలే వస్తాయి, పెడితే క్వెరీని నిజంగా నడిపి అసలు సమయం, అసలు వరసల లెక్క చెబుతుంది. బఫర్స్ అంటే ఎన్ని పేజీలు చదివిందో చెప్పేది, పోస్ట్‌గ్రెస్ 18లో ఎనలైజ్ పెడితే ఇది దానంతటదే వస్తుంది. క్వెరీసెట్ మీద ఎక్స్‌ప్లెయిన్ సెలెక్ట్ క్వెరీనే నడుపుతుంది కాబట్టి భయం లేదు. కానీ డీబీషెల్ తెరిచి చేత్తో డిలీట్ ముందో అప్‌డేట్ ముందో ఎక్స్‌ప్లెయిన్ ఎనలైజ్ పెట్టారంటే, చూసి రమ్మంటే కాల్చి వచ్చినట్టు అవుతుంది, వరసలు నిజంగానే పోతాయి. అలాంటివి బిగిన్ అని ట్రాన్సాక్షన్ తెరిచి, చూశాక రోల్‌బ్యాక్ చేయండి.

క్వెరీసెట్‌లోని క్వెరీని స్ట్రింగ్‌గా ప్రింట్ చేసి ఆ ఎస్‌క్యూఎల్‌ని పీఎస్‌క్యూఎల్‌లో అతికించే అలవాటు చాలామందికి ఉంది. అందులో విలువలకి కొటేషన్ గుర్తులు ఉండవు, పెండింగ్ అనేది కాలమ్ పేరనుకుని ఎర్రర్ కొడుతుంది. టూల్‌బార్ నుంచో కనెక్షన్.క్వెరీస్ నుంచో తీసుకోండి.

ఇక ప్లాన్ చదవడం. పై క్వెరీకి అవుట్‌పుట్ ఇలా వచ్చిందనుకోండి, అనవసరమైనవి తీసేసి, పార్లల్ వర్కర్లు లేరనుకుని రాస్తున్నాను, సమయాలన్నీ మిల్లీసెకన్లలో:

లిమిట్: అసలు సమయం 182.4, వరసలు 20, లూప్స్ 1
→ సార్ట్: టాప్-ఎన్ హీప్‌సార్ట్, వరసలు 20
→ → సీక్ స్కాన్, షాప్_ఆర్డర్ మీద: అసలు సమయం 0.03 నుంచి 171.0, వరసలు 3150, లూప్స్ 1
ఫిల్టర్: స్టేటస్ = 'పెండింగ్'
ఫిల్టర్ తీసేసిన వరసలు: 496850
బఫర్స్: హిట్ 1200, రీడ్ 7800

దీన్ని లోపలి నుంచి బయటికి చదవాలి, బాగా లోపలికి జరిగి ఉన్న లైనే ముందు జరిగే పని. సీక్ స్కాన్ అంటే టేబుల్ మొదటి నుంచి చివరి దాకా చదవడం. అది చెడ్డదని పేరు పడింది గానీ, దాన్ని చూడగానే కంగారు పడకండి, దాని కింద ఉన్న లైన్ చూడండి: ఫిల్టర్ తీసేసినవి 496850, మిగిలినవి 3150. అంటే 5 లక్షల వరసలు చదివి 3150 ఉంచుకుని, వాటిని సార్ట్ చేసి చివరికి ఇచ్చింది 20. పారేసిన దానికీ ఉంచుకున్న దానికీ ఇంత తేడా ఉన్న చోటే ఇండెక్స్ పనికొస్తుంది. తీసేసింది కొంచెమే అయి, టేబుల్‌లో ఎక్కువ భాగం నిజంగానే కావాల్సి వస్తే సీక్ స్కానే సరైన దారి.

బఫర్స్ లైన్ చాలామంది చూడరు. హిట్ అంటే పోస్ట్‌గ్రెస్ తన మెమరీలోనే దొరికించుకున్న పేజీలు, రీడ్ అంటే బయటి నుంచి తెచ్చుకున్నవి. పేజీ మామూలుగా 8 కేబీ, 9000 పేజీలంటే దాదాపు 70 ఎంబీ. ఇరవై ఆర్డర్లు చూపించడానికి 70 ఎంబీ చదువుతోందని తెలిస్తే ఎక్కడ సరిచేయాలో వేరే చెప్పనక్కర్లేదు. సమయాన్ని మాత్రమే నమ్ముకుంటే ఇంకో ఇబ్బంది ఉంది, అదే క్వెరీ రెండోసారి నడిపితే పేజీలు మెమరీలోకి వచ్చేసి సమయం సగానికి పడిపోవచ్చు, మీరేదో సరిచేసేశామనుకుంటారు. హిట్, రీడ్ కలిపిన మొత్తం మాత్రం అంత తేలిగ్గా మారదు, అందుకే ముందూ తర్వాతా పోల్చేటప్పుడు నేను దాన్నే చూస్తాను.

లూప్స్ దగ్గర జాగ్రత్త. నెస్టెడ్ లూప్ (ఒక వైపు ప్రతి వరసకీ రెండో వైపు మళ్లీ వెతికే జాయిన్) కింద ఉన్న ఇండెక్స్ స్కాన్‌లో సమయం 0.013, వరసలు 1, లూప్స్ 40000 అని ఉంటే, ఆ 0.013 ఒక్క లూప్‌కి సగటు. నలభై వేలతో గుణిస్తే 520 మిల్లీసెకన్లు. చూడ్డానికి ప్లాన్ మొత్తంలో అన్నిటికన్నా చిన్న అంకె అదే, నిజానికి కాలమంతా తినేస్తున్నది కూడా అదే. పెద్ద టేబుళ్ల మీద పార్లల్ సీక్ స్కాన్ అని, పైన గ్యాదర్ అని కనిపిస్తే అక్కడ కూడా ఇదే లెక్క, లూప్స్ 3 ఉంటే వరసల అంకె మూడింటి సగటు.

తర్వాత చూడాల్సింది అంచనా వరసలకీ అసలు వరసలకీ మధ్య దూరం. అంచనా 12, అసలు 38000 అని ఉంటే ప్లానర్ తప్పుడు సమాచారంతో దారి ఎంచుకుందని అర్థం, పన్నెండు వరసలకి నెస్టెడ్ లూప్ బాగుంటుందని అది మొదలెట్టేసింది. గణాంకాల కోసం ముందు చెప్పిన ఎనలైజ్ కమాండ్ నడిపి మళ్లీ చూడండి, చాలాసార్లు దాంతోనే సర్దుకుంటుంది. సర్దుకోకపోతే ఒకదానిమీద ఒకటి ఆధారపడిన కాలమ్స్ మీద ఫిల్టర్ పెట్టారేమో చూడండి. అడ్రస్ టేబుల్‌లో జిల్లా గుంటూరు, మండలం తెనాలి అని రెండు షరతులు పెడితే, తెనాలి అన్నాక గుంటూరు జిల్లాయే అని మనకి తెలుసు, పోస్ట్‌గ్రెస్‌కి తెలియదు, అది రెండు షరతుల్నీ విడివిడిగా లెక్కేసి గుణించి వరసలు చాలా తక్కువ వస్తాయనుకుంటుంది. పోస్ట్‌గ్రెస్ 10 నుంచి క్రియేట్ స్టాటిస్టిక్స్ అనే కమాండ్ ఉంది, ఆ రెండు కాలమ్స్‌కీ సంబంధం ఉందని దానికి అలా చెప్పొచ్చు. జిల్లా, మండలం, గ్రామం పెట్టుకునే మన యాప్‌లన్నిట్లోనూ ఇది ఎదురయ్యేదే.

సార్ట్ దగ్గర ఎక్స్‌టర్నల్ మెర్జ్, డిస్క్ అని కనిపిస్తే ఆ సార్ట్ మెమరీలో పట్టక డిస్క్ మీదకి వెళ్లింది. వర్క్_మెమ్ డిఫాల్ట్ 4 ఎంబీ మాత్రమే. పెంచొచ్చు, కానీ ఒక్కో సార్ట్‌కి, ఒక్కో కనెక్షన్‌కి విడిగా వాడుకుంటుంది కాబట్టి సర్వర్ మొత్తానికి ఒక్కసారిగా పెద్ద అంకె పెట్టేయకండి.

జాంగో రాసే ఎస్‌క్యూఎల్‌లో తరచూ దెబ్బతీసేవి

ఇండెక్స్ ఉంది, అయినా వాడట్లేదు అంటే ఓఆర్ఎం (పైథాన్ కోడ్‌ని ఎస్‌క్యూఎల్‌గా మార్చే జాంగో భాగం) మీ ఫిల్టర్‌ని ఏ ఎస్‌క్యూఎల్‌గా మార్చిందో చూడండి.

క్రియేటెడ్__డేట్ అని ఈరోజు ఆర్డర్లు తెస్తున్నారనుకోండి. టైమ్‌జోన్ ఆన్‌లో ఉంటే జాంగో ఆ కాలమ్‌ని ఆసియా/కోల్‌కతాకి మార్చి, దాన్ని తేదీగా మార్చి, అప్పుడు పోలుస్తుంది. కాలమ్ మీద లెక్క చేశాక మామూలు ఇండెక్స్ పనికిరాదు. దాని బదులు ఈరోజు మొదలయ్యే అర్ధరాత్రిని టైమ్‌జోన్‌తో సహా తయారుచేసుకుని, జీటీఈతో అక్కడి నుంచి, ఎల్‌టీతో మర్నాడు మొదలయ్యే అర్ధరాత్రి లోపు అని రెండు షరతులు పెట్టండి. చిత్రంగా __ఇయర్ వాడితే ఈ సమస్య ఉండదు, దాన్ని జాంగోయే బిట్వీన్‌గా మార్చి రాస్తుంది.

సెర్చ్ బాక్స్ వెనక ఐకంటైన్స్ (పెద్దబడి చిన్నబడి తేడా చూడకుండా వెతికే ఫిల్టర్) ఉంటే పోస్ట్‌గ్రెస్‌లో అది రెండు వైపులా అప్పర్ పెట్టి, ముందూ వెనకా శాతం గుర్తులతో లైక్ అవుతుంది, మామూలుగా వేసే బీట్రీ రకం ఇండెక్స్ దానికి ఏమాత్రం సాయపడదు. పీజీ_టీఆర్‌జీఎమ్ (pg_trgm) ఎక్స్‌టెన్షన్ పెట్టి, జిన్ ఇండెక్స్‌ని కాలమ్ మీద కాకుండా అప్పర్ చేసిన కాలమ్ మీద వేయాలి, అప్పుడే క్వెరీతో సరిపోతుంది. కాలమ్‌లో ఉన్నవన్నీ తెలుగు లిపి పేర్లే అయితే ఐ అక్షరం అసలు అక్కర్లేదు, మన లిపికి పెద్దబడి చిన్నబడి లేదు, కంటైన్స్ చాలు.

పేజినేషన్ ఇంకోటి. జాంగో పేజినేటర్ ప్రతిసారీ మొత్తం కౌంట్ అడుగుతుంది, పోస్ట్‌గ్రెస్ ఆ కౌంట్ కోసం వరసల్ని నిజంగానే లెక్కపెడుతుంది. అడ్మిన్‌లో షో_ఫుల్_రిజల్ట్_కౌంట్‌ని ఫాల్స్ చేస్తే, ఫిల్టర్ పెట్టినప్పుడు వెళ్లే రెండో కౌంట్ తగ్గుతుంది. ఇక ఐదువేలో పేజీకి వెళ్తే ఆఫ్‌సెట్ లక్ష అవుతుంది, ఆ లక్ష వరసలూ దాటాకే మీ ఇరవై వస్తాయి. లోడ్ మోర్ బటన్ ఉండే చోట, చివర చూపించిన ఆర్డర్ సమయం, ఐడీ గుర్తుపెట్టుకుని అంతకన్నా పాతవి ఇరవై అని అడిగితే ఎంత లోపలికి వెళ్లినా ఒకే వేగం ఉంటుంది.

ఇండెక్స్ వేయడం

మన ఆర్డర్ల క్వెరీకి స్టేటస్ మీద ఒకటి, క్రియేటెడ్ మీద ఒకటి అని రెండు వేయకండి. స్టేటస్, క్రియేటెడ్ అని ఈ వరుసలోనే రెండూ కలిపి ఒకటి వేయండి. సమానం అని అడిగే కాలమ్ ముందు, వరుస పెట్టే కాలమ్ తర్వాత. అప్పుడు పెండింగ్ భాగానికి నేరుగా వెళ్లి వెనక నుంచి ఇరవై తీసుకుని ఆగిపోతుంది. బీట్రీని వెనక నుంచి కూడా చదవగలదు కాబట్టి ఇక్కడ డిసెండింగ్ అని ప్రత్యేకంగా చెప్పనక్కర్లేదు. మళ్లీ ఎక్స్‌ప్లెయిన్ చేస్తే సార్ట్ లైనే మాయమవ్వాలి, 9000 ఉన్న బఫర్స్ కొన్ని పదుల్లోకి పడిపోవాలి. పడకపోతే ఆ ఇండెక్స్ తీసేయండి, ఉంచితే ప్రతి ఇన్‌సర్ట్‌కీ దాని భారం మోయాల్సిందే. ఫారిన్ కీలకి జాంగో తనే ఇండెక్స్ వేస్తుంది, వాటికి మళ్లీ వేయొద్దు.

సర్వర్‌లో వేసేటప్పుడు మామూలు మైగ్రేషన్ అయితే ఇండెక్స్ తయారయ్యే వరకు ఆ టేబుల్‌లోకి ఏదీ రాయనివ్వదు, చదవడం మాత్రం జరుగుతుంది. ఆర్డర్లు వస్తున్న వేళ అది నడిపితే ఫోన్లు మోగుతాయి. జాంగో 3.0 నుంచి యాడ్‌ఇండెక్స్‌కంకరెంట్లీ ఉంది, మైగ్రేషన్ క్లాస్‌లో అటామిక్ ఫాల్స్ పెట్టి అది వాడండి. మధ్యలో ఆగిపోతే ఇన్వాలిడ్ ఇండెక్స్ ఒకటి మిగిలిపోతుంది, దాన్ని తీసేసి మళ్లీ నడపాలి.

సర్వర్‌లో ఏం జరుగుతోందో తెలియాలంటే

లోకల్‌లో మీరు అనుమానించిన పేజీలే చూస్తారు. సర్వర్‌లో అసలు భారం ఎక్కడుందో పీజీ_స్టాట్_స్టేట్‌మెంట్స్ చెబుతుంది. షేర్డ్_ప్రీలోడ్_లైబ్రరీస్‌లో దాని పేరు చేర్చి, పోస్ట్‌గ్రెస్ రీస్టార్ట్ చేసి, క్రియేట్ ఎక్స్‌టెన్షన్ నడిపితే చాలు. విలువలు తీసేసి ఒకేలాంటి క్వెరీలన్నీ ఒక వరసగా కలిపి, ఎన్నిసార్లు వెళ్లింది, మొత్తం సమయమెంత, సగటెంత అని పెడుతుంది. సగటు ప్రకారం కాకుండా టోటల్_ఎగ్జిక్_టైమ్ ప్రకారం వరుస పెట్టండి. రోజుకి రెండుసార్లు నడిచే 8 సెకన్ల రిపోర్ట్ కన్నా రోజుకి 4 లక్షల సార్లు వెళ్లే 3 మిల్లీసెకన్ల క్వెరీయే సర్వర్‌ని ఎక్కువ తినేస్తుంది, మొత్తం 20 నిమిషాలు. కాల్స్ అంకె మరీ పెద్దగా ఉండి, క్వెరీ చివర ఐడీ సమానం $1 లిమిట్ $2 అని కనిపిస్తే అది ఎక్కడో గెట్ పిలుపు లూప్‌లో ఉండొచ్చని అర్థం, ఎందుకంటే జాంగో గెట్‌కి లిమిట్ 21 తనే పెడుతుంది (విలువలు తీసేస్తుంది కాబట్టి ఇక్కడ 21 బదులు $2 కనిపిస్తుంది), ఫారిన్ కీ చుక్క వెనకా అదే గెట్ ఉంటుంది. కోడ్‌లో వెతకడానికి ఇది మంచి ఆనవాలు.

ఇంకా దగ్గరగా చూడాలంటే జాంగోలో ఎగ్జిక్యూట్_ర్యాపర్ ఉంది, ప్రతి క్వెరీ మీ ఫంక్షన్ గుండా వెళ్తుంది, డీబగ్ అక్కర్లేదు. ఒక మిడిల్‌వేర్‌లో పెట్టి, రిక్వెస్ట్‌కి క్వెరీలు యాభై దాటితే యూఆర్ఎల్‌తో సహా లాగ్‌లో రాయించండి. క్వెరీలోని విలువలు మాత్రం లాగ్‌లోకి పోనివ్వొద్దు, అందులో జనాల వివరాలుంటాయి.

మళ్లీ పెరగకుండా

ఇంత చేసి సరిచేసిన పేజీలోకి నెల తర్వాత ఎవరో టెంప్లేట్‌లో ఒక్క చుక్క చేరుస్తారు, లెక్క మళ్లీ వందకి పోతుంది. అందుకే ఆ పేజీకి ఒక టెస్ట్ రాయండి. అసర్ట్‌నమ్‌క్వెరీస్‌తో క్వెరీలు 3 అని కట్టడి చేయొచ్చు, కానీ లాగిన్, సెషన్ క్వెరీలు కూడా ఆ లెక్కలో కలుస్తాయి కాబట్టి చిన్న మార్పుకే టెస్ట్ విరిగి, విసుగొచ్చి ఎవరో అంకె పెంచేస్తారు. నాకు నచ్చిన పద్ధతి వేరు: క్యాప్చర్‌క్వెరీస్‌కాంటెక్స్ట్‌తో రెండు ఆర్డర్లు పెట్టి పేజీని పిలిచి లెక్క తీసుకోండి, ఇంకో ఎనిమిది చేర్చి మళ్లీ పిలిచి లెక్క తీసుకోండి, రెండూ సమానం కావాలని రాయండి. ప్రతి ఆర్డర్‌కీ వేరే కస్టమర్, కనీసం రెండు ఐటమ్స్ ఉండేలా చూసుకోండి. ఆర్డర్లకి ఐటమ్సే లేకపోతే లూప్ లోపలికే వెళ్లదు, అక్కడ పుట్టే క్వెరీ టెస్ట్‌కి కనిపించదు.